పదకొండు రూపాయల షేరు, ఎండిన గొట్టాలు

షేర్ల కార్యాలయంలో ఉద్యోగం అంటే ఏమిటని అడిగే పిల్లలకు మొదట ఒక సంగతి చెబుతాను. అది తెర ముందు కూర్చుని అంకెలు చూసే ఉద్యోగం కాదు. తన పొలం గట్టు అంగుళం జరిగితే కనిపెట్టగల మనిషి, తాను ఎన్నడూ చూడని కంపెనీని ఎందుకు నమ్ముతున్నాడో కనిపెట్టే ఉద్యోగం. ఇందులో నేను పద్దెనిమిదేళ్ళు ఉన్నాను. ఎప్పుడు ఏ హోదా వచ్చిందో, ఏ సంవత్సరం ఎంత జీతం పెరిగిందో ఇక్కడ రాయను. వాటివల్ల ఎవరికీ ఏమీ తెలియదు. నాకు తెలిసివచ్చిన రెండు మూడు సంగతులు రాస్తాను. అవి కూడా నేను తెలివిగలదాన్ని కాబట్టి తెలియలేదు; కొన్ని నా పొరపాటువల్ల, కొన్ని ఒక ఐసు ఫ్యాక్టరీ యజమాని కళ్ళవల్ల తెలిశాయి.

మేత దుకాణం మీద మార్కెట్టు

ఎం.కాం. చదివి, కొన్నాళ్ళు కాలేజీలో కామర్సు పాఠాలు చెప్పి, తొంభైల నడుమ నేను ఈ వృత్తిలోకి వచ్చాను. మా యజమాని విశ్వనాథం గారిది రాజమండ్రి. ప్రధాన కార్యాలయం అక్కడే. భీమవరం శాఖను నా చేతికిచ్చారు. ఆ కార్యాలయం రొయ్యల మేత అమ్మే దుకాణం పైన ఉండేది. కింద మేత బస్తాలు, పైన షేర్లు, డాబా మీద గొడుగులాంటి యాంటెన్నా. మేత వాసన మెట్లెక్కి వచ్చి మా ఫైళ్ళకు కూడా పట్టేది.

కింది దుకాణానికీ పై కార్యాలయానికీ వచ్చేవారు దాదాపు ఒకరే. కింద వారి పద్ధతి చూస్తే నాకు ముచ్చట వేసేది. బస్తా మీద తయారీ తేదీ చదివేవారు. కుట్టు విప్పించి అడుగునుంచి గుప్పెడు తీయించేవారు. వాసన చూసి, నీళ్ళ గ్లాసులో నాలుగు పలుకులు వేసి, అవి ఎంతసేపటికి కరుగుతాయో నిలబడి చూసేవారు. తొందరగా కరిగితే ఆ మేత రొయ్య తినేలోపే చెరువు అడుగున బురదైపోతుంది. అందుకని దుకాణదారు ఎంత తొందరపెట్టినా గ్లాసు దగ్గరనుంచి కదిలేవారు కాదు.

అదే మనిషి పదహారు మెట్లు ఎక్కి మా దగ్గరకు వచ్చేసరికి ఆ గ్లాసూ ఆ ఓపికా కిందనే వదిలేసి వచ్చేవాడు. కుర్చీలో కూర్చునేలోపే అడిగేవాడు: "మేడమ్ గారండీ, ఏది కొనమంటారు?"

ఒక బస్తా మేతకు ఇచ్చిన గౌరవంలో పదోవంతు కూడా ఒక కంపెనీకి ఇవ్వరేమని నేను చాలాకాలం కోపగించుకున్నాను. తరువాత అర్థమైంది. వారు పరీక్ష చేయడం మానలేదు. వేరే పరీక్ష చేస్తున్నారు.

సంబంధం చూసినట్టు

మా కార్యాలయంలో కామేశ్వరరావు గారని ఒక పెద్దమనిషి ఉండేవారు. ఉద్యోగి కాదు, ఖాతాదారుడూ కాదు. ఒక్క షేరు కొనగా నేను చూడలేదు. కానీ ఉదయం ఫలహారం ముగించి తొమ్మిదిన్నరకల్లా వచ్చి, ఫ్యాను కింది కుర్చీ ఆక్రమించి, మార్కెట్టు మూసేదాకా లేచేవారు కాదు. ఉభయ గోదావరి జిల్లాల్లో ఎవరు ఎవరికి ఏమవుతారో ఆయనకు కంఠతా వచ్చు. ఎవరైనా ఒక కంపెనీ పేరు ఎత్తగానే విచారణ మొదలయ్యేది.

"ఆ కంపెనీ ఎవరిదండీ?"

"మనవాళ్ళదేనంటండీ. కాకినాడ వైపు."

"కాకినాడ వైపంటే ఎవరబ్బాయి?" అని కామేశ్వరరావు గారు కళ్ళు మూసుకునేవారు. అరనిమిషంలో తెరిచేవారు. "ఆఁ, తెలిసింది. వాళ్ళ మేనత్తను మండపేట ఇచ్చారు. మంచి కుటుంబం. ఇరవై ఎకరాల మాగాణి, అప్పన్నది ఎరగరు."

"అయితే తీసుకోవచ్చంటారా?"

"కళ్ళు మూసుకుని తీసుకోండి."

కళ్ళు మూసుకుని తీసుకునేవారు. ఆ మాటను ఇంత శ్రద్ధగా పాటించిన ప్రజలను నేను మరెక్కడా చూడలేదు. అది పిల్లనిచ్చే పద్ధతి. ఇంటి పేరు, ఊరు, వియ్యాలవారు, తాతగారి నడవడి. పిల్లనివ్వడానికి అది ఎంతవరకు పనికివస్తుందో నాకు తెలియదు. షేరు కొనడానికి మాత్రం పనికిరాదు. మేనత్తను మండపేట ఇచ్చినందువల్ల కంపెనీ తయారుచేసే సరుకు ఎవరూ కొనరు. ఆ సరుకు ఏమిటని నేను అడిగితే అందరూ ఫ్యాను కింది కుర్చీవైపు చూసేవారు. ఒకసారి కామేశ్వరరావు గారు నావైపు జాలిగా చూసి, "కంప్యూటర్లండీ మేడమ్ గారూ. వాటిల్లో ఏదో పెడతారు," అన్నారు.

మా విశ్వనాథం గారికి ఈ విచారణలంటే ఇష్టం. కొన్నవారి దగ్గరా కమీషన్ వస్తుంది, అమ్మినవారి దగ్గరా వస్తుంది. అయినా ఆయన దగ్గర నేర్చుకున్నది ఒకటుంది. ఆర్డరు నోటిమాట మీద తీసుకోకూడదు. "నోటితో చెప్పింది రేటు పెరిగితే వాళ్ళు చెప్పినట్టు, పడితే మనం వినిపించుకోనట్టు అవుతుందమ్మా," అనేవారు. అందుకని సంతకంతో ఆర్డరు చీటీ పెట్టించారు. ఆ చీటీలు ఎనిమిదేళ్ళు భద్రపరచాలని కూడా నిబంధన చేశారు. ఆ నిబంధనను ఆయన తరువాత ఎంత మరచిపోవాలనుకున్నారో చివర చెబుతాను.

ఆ చీటీ అడుగున నేను ఒక గీత గీయించి, పక్కన "కారణం" అని అచ్చు వేయించాను. కొనేవారు ఎందుకు కొంటున్నారో తమ చేత్తో రాయాలి. ఒక షరతు: అందులో ఎవరి ఇంటి పేరూ, ఊరూ, చుట్టరికమూ ఉండకూడదు. ఆ గీత మీద నేను చూసిన రాతలకు ఒక ప్రదర్శన పెట్టవచ్చు. "టీవీలో చూపించారు." "పక్కింటాయన కొన్నారు." "గురుబలం బాగుంది." "పెరుగుతుంది కాబట్టి." ఒకాయన నీటుగా, ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు: "మీకు అనవసరం."

నేను తిప్పని పేజీ

ఇతరులను వెక్కిరించే ముందు నా లెక్క సరిచూసుకోవాలి. ఆ గీత పుట్టింది నా తప్పునుంచే.

సూర్యారావు గారికి భీమవరం శివార్లలో ఐసు ఫ్యాక్టరీ ఉంది. చెరువులో రొయ్య పట్టినప్పుడు ఐసు గంట ఆలస్యమైతే సరుకు రంగు మారుతుంది, కొనేవాడు ముఖం తిప్పుకుంటాడు. అందుచేత ఐసు ఫ్యాక్టరీ యజమానిని రైతులు తిట్టినా, ఆయన ఫోను నంబరు మాత్రం గోడమీద రాసుకుంటారు. సన్నగా, పొట్టిగా, ఎప్పుడూ తడిసిన పంచె అంచుతో ఉండే మనిషి. ఆయన నన్ను మొదటిసారి సలహా అడిగినప్పుడు, కామేశ్వరరావు గారి పద్ధతికి సరైన సమాధానం చూపించాలన్న పట్టుదలతో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ వార్షిక నివేదిక ముందేసుకున్నాను. కంపెనీ నష్టాల్లో ఉంది, షేరు నేలకు పడింది. కానీ బ్యాంకులో ఉన్న నగదును మొత్తం షేర్లతో భాగిస్తే ఒక్కో షేరుకు వచ్చే నగదు షేరు ధరకన్నా ఎక్కువ. అంటే పర్సు కొంటే, దాని ధరకన్నా అందులోని డబ్బే ఎక్కువన్నమాట. నేను ఆ భాగహారాన్ని ఆయనకు మూడుసార్లు వివరించాను. కాలేజీలో కూడా అంత చక్కగా చెప్పలేదు.

ఆయన కొన్నారు. ఏడాది తిరగకుండా ఆ నగదు మాయమైంది. దొంగలు పడలేదు. ఆ డిపాజిట్లన్నిటినీ చైర్మన్ తమ్ముడి మరో కంపెనీ తీసుకున్న అప్పుకు బ్యాంకులో హామీగా పెట్టారు. తమ్ముడు చేతులెత్తేశాడు, బ్యాంకు డిపాజిట్లు జమ వేసుకుంది. ఈ సంగతి దాచలేదు కూడా. నివేదిక చివర, చీమల బారులాంటి అక్షరాల్లో, రెండు వాక్యాల్లో ఉంది. నేను లాభనష్టాల పట్టికా ఆస్తి అప్పుల పట్టికా చదివి, అంకెలు ఉన్న పేజీలు అయిపోయాయని పుస్తకం మూసేశాను. నాకు తెలిసిన చదువు అంతవరకే ఉంది కాబట్టి పుస్తకం కూడా అంతవరకే ఉందనుకున్నాను.

సూర్యారావు గారికి నేనే వెళ్ళి చెప్పాను. ఆయన కోప్పడలేదు. "పోనీండి మేడమ్ గారు. మా దగ్గరా ఐసు దిమ్మ అచ్చులోంచి లారీ ఎక్కేలోపు కొంత కరుగుతుంది కదండీ," అన్నారు. కోప్పడితే బాగుండేదనిపించింది.

నివేదికను వెనకనుంచి చదవడం ఆ తరువాతే అలవాటు చేసుకున్నాను. మీకూ అదే చెబుతున్నాను. ముందు పేజీల్లో సూర్యోదయాలూ, నవ్వే ముఖాలూ ఉంటాయి. అప్పులు చివరి పేజీల్లో ఉంటాయి.

పదకొండు రూపాయలు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో కంప్యూటరు షేర్లన్నీ కుప్పకూలాయి. అంతకుముందు ఏడాది మా కార్యాలయంలో కుర్చీలు చాలక మెట్ల మీద కూర్చున్నవారు ఇప్పుడు కింద మేత దుకాణంలో కూడా తల దించుకుని తిరిగేవారు. అటువంటి ఒక ఆషాఢమాసం ఉదయం సూర్యారావు గారు వచ్చి ఒక కంపెనీ పేరు చెప్పారు. ఆ పేరు ఇక్కడ రాయను. ఆసుపత్రులకు బిల్లుల సాఫ్ట్‌వేర్ చేసి ఇచ్చే చిన్న కంపెనీ. ఒకప్పుడు మూడు వందలు దాటిన షేరు. ఆనాటికి పదకొండు.

"ఎంత కొందామనుకుంటున్నారు?" అన్నాను.

ఆయన చెప్పిన మొత్తం విని కలం కింద పెట్టాను. అది ఎక్కడిదో నాకు తెలుసు. ఆయన ఫ్యాక్టరీలో అమ్మోనియా కంప్రెసరు పాతదైపోయింది. మెకానిక్ అది ఇంకో సీజన్ నడవదని చెప్పేశాడు. కొత్తదానికని మూడేళ్ళుగా కూడబెట్టిన సొమ్ము అది. దసరాకు చెరువుల్లో రొయ్యల పట్టుబడి మొదలవుతుంది. ఆలోపు కంప్రెసరు దిగకపోతే, సీజన్ నడుమ పాతది ఆగిపోతే, ఆ రైతులందరూ పక్క ఫ్యాక్టరీకి వెళ్ళిపోతారు, మళ్ళీ రారు. ఆ ఫ్యాక్టరీ ఆయన ఒక్కరిదే కాదు; అక్కడ అమ్మోనియా పీల్చి పనిచేసే పదిహేను కుటుంబాలది కూడా.

"కంప్రెసరు మాటేమిటండీ?"

"దసరాకి మూడు నెల్లుంది కదండీ. ఇది మూడు నెలల్లో ముప్ఫై అయితే కంప్రెసరూ వస్తుంది, ఉప్పునీటి తొట్టీ కొత్తది కట్టించుకుంటాను."

"కాకపోతే?"

"ఇంకెంత పడుతుందండీ! పదకొండే కదా."

చదువుకునే పిల్లలారా, ఈ వాక్యాన్ని జాగ్రత్తగా చూడండి. నా వృత్తిజీవితంలో ఎక్కువ ఇళ్ళు ముంచిన వాక్యం ఇదే. "పదకొండూ పడుతుందండీ," అన్నాను. "మూడు వందలకు కొన్నవాడి సొమ్ము ఎంత పోతుందో, పదకొండుకు కొన్నవాడి సొమ్మూ అంతే పోతుంది. పూర్తిగా."

"పొలమైతే మూడొందల్నుంచి పదకొండుకి పడితే వదులుతారా ఎవరైనా?" అని ఫ్యాను కిందనుంచి కామేశ్వరరావు గారు అందుకున్నారు.

"పొలం పడినా పొలం ఉంటుందండీ. ఉప్పుదేలినా గట్టు మీద నిలబడవచ్చు. కంపెనీ పోతే నిలబడడానికి ఏముంటుంది?"

"అబ్బే, ఇది పోయే కంపెనీ కాదండీ. ఆ అబ్బాయిది రామచంద్రపురం పక్క ఊరు. వాళ్ళ తాతగారు ఊరి బడికి స్థలం రాసిచ్చిన మహానుభావుడు. సూర్యారావు గారి పెద్దమ్మ గారి తోడికోడలికి స్వయానా..."

"కామేశ్వరరావు గారూ," అన్నాను, "ఆ తాతగారు ఇప్పుడు కంపెనీలో ఏం చేస్తున్నారు?"

"ఆయన పోయి ముప్ఫై ఏళ్ళయింది."

"అయితే ఆయన్ని పక్కన పెడదాం."

కష్టాల్లో ఉన్న చిన్న కంపెనీ ఏదీ కొనకూడదని నేను అనడం లేదు. అలా అనేవాడు పిరికివాడు, లేదా పుస్తకం రాసేవాడు. నేను వద్దన్న ఒక కంపెనీని కొని లాభపడిన రామచంద్రపురం కొబ్బరి వ్యాపారి ఒకాయన ఇప్పటికీ నాకు ఏటా ఒక గెల పంపుతారు, ప్రేమతో కాదు, గుర్తుచేయడానికి. కానీ ఆ కంపెనీకి అప్పు లేదు. దాని సరుకు వాడేవారు కష్టకాలంలో కూడా సకాలంలో సొమ్ము కట్టారు. ముఖ్యంగా ఆయన పెట్టింది పోయినా తోటలో ఒక్క చెట్టు కూడా అమ్మనక్కరలేని మొత్తం. సూర్యారావు గారు కొందామన్న కంపెనీలో ఈ మూడూ తలకిందులుగా ఉన్నాయి. అమ్మకాలు పెరిగాయని ముందు పేజీల్లో ఉంది. ఆ అమ్మకాల సొమ్ము ఏడాదిగా వసూలు కాలేదని చివరి పేజీల్లో ఉంది. కంపెనీకి అప్పు ఉంది, దానికోసం చైర్మన్ తన షేర్లు తాకట్టు పెట్టారు. పైగా రోజు మొత్తంలో చేతులు మారే షేర్లు ఎంత తక్కువంటే, సూర్యారావు గారు ఆ మొత్తం పెట్టి కొనడమే ధరను పెంచుతుంది. అమ్ముదామన్న రోజున కొనేవాడు కనబడడు.

ఇదంతా చెప్పాను. ఆయన మర్యాదగా విన్నారు. తరువాత, అంతే మర్యాదగా అన్నారు: "క్రితంసారి కూడా మీరు చాలా వివరంగానే చెప్పారండీ."

గదిలో ఎవరో నవ్వారు. నేను నవ్వలేదు. "అయితే నా మాట వద్దు. మీ కళ్ళతో చూద్దాం రండి. పాత ఐసు ఫ్యాక్టరీ కొనడానికి వెళితే ఎలా చూస్తారో అలాగే చూడండి," అన్నాను.

వెనక గోడ

హైదరాబాదులో ఆ కంపెనీ కార్యాలయం కోచింగ్ సెంటర్లు బారులు తీరిన వీధిలో మూడంతస్తుల భవనం. వాన పడకుండా మబ్బు మూసి ఉక్కపోస్తున్న రోజు. ముందుగది చాలా బాగుంది. గాజుబల్ల, కుండీల్లో మొక్కలు, గోడమీద తాతగారి ఫోటో, దానికి గంధపు దండ. నేను కాగితాలు అడగ్గానే గుమాస్తా మమ్మల్ని కూర్చోబెట్టి లోపలికి వెళ్ళాడు. తిరిగి చూసేసరికి పక్క కుర్చీలో సూర్యారావు గారు లేరు.

పది నిమిషాలకు పంచెకు నాలుగైదు పల్లేరుకాయలు అంటించుకుని వచ్చి కూర్చున్నారు.

"ఎక్కడికి వెళ్ళారండీ?"

"వెనక్కి. ఏ ఫ్యాక్టరీ అయినా వెనకనుంచే కదండీ చూసేది," అని గొంతు తగ్గించారు. "పద్నాలుగు ఏసీలున్నాయండీ వెనక గోడకి. ఇంత ఉక్కలో ఏసీ తిరిగితే గొట్టంలోంచి నీళ్ళు కారాలి. రెండిటికే కారుతున్నాయి. ఈ గదిది ఒకటి, పైన మూలగదిది ఒకటి. మిగతా పన్నెండూ ఎండిపోయి ఉన్నాయి."

"ఈ రోజు సెలవేమో?"

"గోడ చెప్పదాండీ? నీళ్ళు కారినచోట నాచు పడుతుంది. ఈ పన్నెండిటి కింద నాచు నల్లగా మాడి రాలిపోతోంది. రెండు వేసవులనించీ తిరగలేదండీ ఇవి. ఒకదాంట్లో పావురం గుడ్లు పెట్టింది."

నివేదిక ప్రకారం కిందటి ఏడాదే ఆ కంపెనీ సిబ్బందిని పెంచింది. ఆ పేజీ నా సంచిలోనే ఉంది. నేను నివేదిక మొత్తం వెనకనుంచి ముందుకు రెండుసార్లు చదివాను. పావురం సంగతి నాకు తెలియలేదు. నా చదువుకు పదేళ్ళు పట్టింది; ఆయన గోడకు పది నిమిషాలు. ఆ రోజు నాకు కలిగినది సంతోషమో అసూయో ఇప్పటికీ తేల్చుకోలేదు.

పని అయిపోయిందనుకున్నాను. అప్పుడు చైర్మన్ వచ్చారు. చక్కని మనిషి, తెల్ల చొక్కా. సూర్యారావు గారిని చూడగానే వంగి కాళ్ళకు దణ్ణం పెట్టారు.

"బాబాయి గారూ! ఫోన్ చేస్తే కారు పంపేవాణ్ణి కదండీ! పెద్దమ్మ గారి మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయండీ?"

తరువాత గంటసేపు మోకాళ్ళ నొప్పులు, పెళ్ళిళ్ళు, ఆ ఏటి మామిడికాపు. ఆత్రేయపురం పూతరేకులు వచ్చాయి. నేను రెండు ప్రశ్నలు అడిగాను: ఆసుపత్రులనుంచి బాకీలు ఎందుకు రావడం లేదు, పై అంతస్తు చూడవచ్చా. మొదటిదానికి, "వస్తాయండీ మేడమ్, ఎక్కడికి పోతాయి," అన్నారు. రెండోదానికి మరో పూతరేకు నా పళ్ళెంలో వేశారు.

తిరుగు ప్రయాణంలో సగం దారి దాటాక సూర్యారావు గారు కిటికీలోంచి చూస్తూ అన్నారు: "కుర్రాడు మంచివాడండీ. కొందామనుకుంటున్నాను."

"గొట్టాలు?"

"బాగుచేయించుకుంటాడులెండి. కష్టాల్లో ఉన్నవాడికి మనవాళ్ళే కదండీ నిలబడాలి."

ఇదే మన జిల్లాల జబ్బు. కళ్ళు చూసినదాన్ని కూడా పూతరేకు కొట్టేస్తుంది.

గీత మీద మూడు మాటలు

మరునాడు విశ్వనాథం గారు రాజమండ్రినుంచి ఫోను చేశారు. కామేశ్వరరావు గారి వంశవిచారణ అక్కడిదాకా చేరినట్టుంది.

"ఏమ్మా, సూర్యారావు గారి ఆర్డరు ఎందుకు ఆపావు?"

"ఆపలేదండీ. చీటీ రాయమన్నాను."

"ఆయన డబ్బు, ఆయన ఇష్టం. మనం బడిపంతుళ్ళం కాదమ్మా. గీత మీద ఏదో ఒకటి రాయించుకుని పెట్టేసెయ్యి."

"ఏదో ఒకటే అడుగుతున్నానండీ," అన్నాను. "అదే రావడం లేదు."

నిజంగానే రావడం లేదు. సూర్యారావు గారు మా కార్యాలయంలో కిటికీ పక్క బల్ల దగ్గర చీటీ ముందేసుకుని కూర్చున్నారు. మొదట "మనవాడు" అని రాశారు. షరతు గుర్తుచేశాను. కొట్టేశారు. "బాగా పడింది కాబట్టి" అని రాశారు. ఈసారి ఆయనే దాన్ని చూసి కొట్టేశారు. మూడోసారి "కంపెనీకి ఆదాయం" అని మొదలుపెట్టి, ఆ ఆదాయం ఎక్కడినుంచి వస్తుందో రాయబోయి ఆగిపోయారు. కింద మేత దుకాణంలో ఎవరో గ్లాసులో చెంచాతో కలుపుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"రాయండి రాయండి, ఇదేం పరీక్షా?" అన్నారు కామేశ్వరరావు గారు.

"పరీక్షేనండీ," అన్నారు సూర్యారావు గారు తల ఎత్తకుండా. "మీరైతే ఏం రాస్తారు?"

"నేనా? నేనెందుకు కొంటానండీ, నాకేం పిచ్చా!" అన్నారు ఆయన, తన నోట ఏం వచ్చిందో తెలియకుండానే. గది మొత్తం ఆయనవైపు తిరిగింది. అన్నేళ్ళలో కామేశ్వరరావు గారు ఆ కుర్చీలో చెప్పిన ఏకైక ఆర్థిక సలహా అదే అనుకుంటాను. అది కూడా పొరపాటున చెప్పారు.

సూర్యారావు గారు నాలుగోసారి కలం పట్టి మూడు మాటలు రాశారు: "నీళ్ళు కారడం లేదు." కలం జేబులో పెట్టుకున్నారు. చీటీ నా బల్ల మీద పెట్టి, "సంతకం అక్కర్లేదు కదండీ," అని మెట్లు దిగిపోయారు. ఆ మధ్యాహ్నమే కంప్రెసరుకు బయానా ఇచ్చారని తరువాత తెలిసింది.

దసరా వారంలో నేను ఆ ఫ్యాక్టరీకి వెళ్ళాను. లోపలినుంచి కొత్త కంప్రెసరు మోత. గేటు ముందు లారీలు, వాటినుంచి కారిన నీళ్ళు రోడ్డంతా. దుకాణాలవాళ్ళు తిట్టుకుంటూ ఇటుకల మీద అడుగులేసి నడుస్తున్నారు. సూర్యారావు గారు ఆ తడిని చూపించి, "కారుతోందండీ మేడమ్ గారు," అన్నారు. అంతకుమించి మాట్లాడే తీరిక ఆయనకు లేదు.

ఆ షేరు పదకొండునుంచి పద్నాలుగుకు పెరిగింది కూడా. అప్పుడు కార్యాలయంలో నా ముఖం చూసి నవ్వినవారు చాలామంది. ఆ పెరుగుదల ఎందుకు వచ్చిందో నాకు ముందే తెలుసు. సూర్యారావు గారు మెట్లు దిగిన మూడో రోజున రాజమండ్రినుంచి ఫ్యాక్సులో ఒక ఆర్డరు చీటీ వచ్చింది. చాలా పెద్ద ఆర్డరు. సంతకం విశ్వనాథం గారిది. చీటీ నిబంధన ఆయనది, గీత నాది; అయినా గీతను ఖాళీగా వదలలేదు. "కారణం" ఎదురుగా ఒకే మాట రాశారు: "మనవాడు."

షరతు యజమానికి వర్తించదు. ఆర్డరు పెట్టాను. ఆ ఏడాది చివరికి ఆ షేరు వ్యాపారమే నిలిచిపోయింది. అమ్మకానికి పెట్టినా ధర పలికేవాడు లేడు. చైర్మన్ ఫోను ఎత్తడం మానేశారు. తాతగారి ఫోటో ఏమైందో తెలియదు.

నేను పదవీ విరమణ చేసే రోజున విశ్వనాథం గారు వచ్చి శాలువా కప్పి, నా క్రమశిక్షణ గురించి పావుగంట మాట్లాడారు. అందరూ టిఫిన్లకు వెళ్ళాక నా బల్ల దగ్గరకు వచ్చి, గొంతు సవరించుకుని అడిగారు.

"అమ్మా, ఆ పాత ఫ్యాక్సు చీటీ... చింపేశావు కదా?"

"లేదండీ," అన్నాను. "ఎనిమిదేళ్ళు ఉంచాలని మీరే కదా నిబంధన పెట్టారు."

ఆ ఎనిమిదేళ్ళూ ఎప్పుడో దాటిపోయాయి. ఆ చీటీ, సూర్యారావు గారి సంతకం లేని చీటీతో కలిపి ఒకే సూదితో గుచ్చి, ఇప్పటికీ నా దగ్గరే ఉంది.